పాత బల్లల పొగ

తాడేపల్లిగూడెం,
12 సెప్టెంబరు 2025

అన్నయ్యా,

మీ గొంతు ఆపరేషన్ అయ్యి ఎనిమిది రోజులైంది. వదిన ఫోన్‌లో అన్నీ చెప్పింది. కాయ తీసేశారట, తొంభై రోజులు గుసగుస కూడా పనికిరాదట, ఆ తరువాత కూడా మొదటి వారం రోజుకి ఐదు మాటలు మించకూడదట. ముప్పై ఏళ్ళుగా మైకు లేకుండా చెరువుగట్టు అవతలికి వినపడేలా బైబిలు వాక్యం చెప్పిన మనిషి మీరు. “ఈ మూడు నెలలూ కొల్లేటి కొంగలు హాయిగా నిద్రపోతాయిలే వదినా” అన్నాను. వదిన నవ్వింది. నవ్వి, ఏడ్చింది.

ఫోన్‌లో మీరు పలకలేరు. ఆ బుల్లి ఫోన్‌లో అక్షరాలు నొక్కడం మీ వేళ్ళకి రాదు. అందుకని నేను బోర్డింగు బడిలో ఉన్నప్పటిలాగా ఉత్తరం మొదలుపెట్టాను. మీరూ రాయండి. తిట్టడానికైనా రాయండి.

సంగతేమిటంటే, నేనొక స్మోకర్ కొన్నాను. మాంసానికి పొగపెట్టి వండే డ్రమ్ము. నవ్వకండి, కుట్లు తెగుతాయి. హాస్టల్లో పాతికేళ్ళు వంద మందికి సాంబారు కాచిన చెయ్యి ఊరికే కూర్చోలేకపోతోంది. మా వీధి చివర బండి పెట్టుకుని ఆదివారం ఆరాధన అయ్యాక అమ్ముదామని. పెద్ద కంపెనీదేమీ కాదు, అన్నిటికంటే చవకది. పల్చటి రేకు. కింద నిప్పుల తట్ట, మధ్యలో నీళ్ళ గిన్నె, పైన కమ్మీల జల్లెడ, మూత మీద వేడి చూపించే ముల్లు. మూత సరిగ్గా కూర్చోదు. తలుపు సందుల్లోంచి పొగంతా బయటికే. మొదటి కోడి పైన నల్లగా మాడింది, ఎముక దగ్గర పచ్చిగా ఉంది, మొత్తం మీద చేదు. పక్కింటి మంగతాయారు గారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, “బాగుందండీ” అంటూ గబగబా ఇంట్లోకి వెళ్ళిపోయారు.

మన నాయనమ్మ మట్టిపొయ్యి మీద కొర్రమీనుకి పొగ పెట్టేది గుర్తుందా? చేదు ఉండేది కాదు. నేను చిన్నదాన్ని, తినడమే తెలుసు. మీరు పక్కన కూర్చుని చూసేవారు. ఎలా చేసేదో రాయండి.

మీ చెల్లెలు,
మరియమ్మ


మండవల్లి,
17 సెప్టెంబరు 2025

యాభై నాలుగేళ్ళ వయసులో పొగతో కుస్తీ పడుతున్న నా చెల్లెలు మరియకు, నోటికి తాళం పడిన నీ అన్నయ్య ఏసోబు రాయునది.

నీ ఉత్తరం మీ వదిన రూతమ్మ గట్టిగా చదివింది. కొంగల సంగతి వచ్చినచోట ఇంకా గట్టిగా చదివింది. కానివ్వండి. దేవదూత మాట నమ్మనందుకు ఆ ముసలి యాజకుడి నోరు దేవుడు కట్టేశాడు. బిడ్డ పుట్టి, పలక మీద వాడి పేరు రాసేదాకా విప్పలేదు. నేను ఏ మాట నమ్మలేదో, దేనికి నన్ను కట్టేశాడో రోజూ మోకాళ్ళ మీద అడుగుతున్నాను. నేను పాస్టరుని కాదు. ఏ కాలేజీలోనూ వాక్యం చదువుకోలేదు. చేపల చెరువు కాపలా కాస్తూ, మేత బస్తాల మీద కూర్చుని నేర్చుకున్నాను. ఆ గొంతు ఒక్కటే నాకు ఆయన ఇచ్చిన డిగ్రీ. అదీ తీసేసుకున్నాడు.

పొగ మాట ఎత్తావు కాబట్టి అడుగుతున్నాను. నీకు ఈ పిచ్చి ఎవరు అంటించారు? మావాడికీ ఇదే పిచ్చి. పోయినేడు కోత పండుగకి ఆనంద్ పాల్ ఏంచేశాడో నీకు తెలుసు, అయినా మళ్ళీ చెప్తాను. అందరూ వరి పనలు, గుమ్మడికాయలు, కోళ్ళు కానుకగా తెచ్చి బలిపీఠం ముందు పెట్టారు. ఎప్పటిలాగే వేలం పాడేది నేనే. వీడు పాత డ్రమ్ము కోసి చేసిన పొయ్యిలో బాతుకి పొగపెట్టి పట్టుకొచ్చాడు. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. చేదు! వార్నిష్ డబ్బా నాకినట్టుంది. దేవుడి కానుకకి ఇదా? నాకు ఆత్మ రేగింది. బాతుని పైకెత్తి, “సహోదరులారా, కయీను అర్పణ చూడండి! పొగ పైకి లేవక నేలమీద పాకిన అర్పణ! ఇది అన్యాగ్ని, దేవుడు అడగని నిప్పు!” అన్నాను. గుడి గుడంతా నవ్వింది. ఎవరూ పాట పాడలేదు. వాడు బాతుని గుడ్డలో చుట్టుకుని తలుపులోంచి వెళ్ళిపోయాడు. జనవరిలో ఏలూరు ఐసు ఫ్యాక్టరీలో పని దొరికిందని వాళ్ళమ్మకి చెప్పి పోయినవాడు ఇంతవరకు గుమ్మం తొక్కలేదు. ఇరవై ఎనిమిదేళ్ళవాడికి తండ్రి మందలింపు అంత పడదా? ఇంక వాడి ఊసు నాకు రాయకు.

నాయనమ్మ పద్ధతి రాస్తాను, జాగ్రత్తగా విను. ఆవిడ పొగపెట్టే ముందు పొయ్యికి ప్రతిసారీ కొత్తగా బంకమన్ను మెత్తేది. ఊక కలిపిన మన్ను. సందు ఉంటే గాలి దొంగలా దూరుతుంది, నిప్పు పిచ్చెక్కి మండుతుంది. నీ డ్రమ్ముకి మూత చుట్టూ, తలుపు చుట్టూ అదే మెత్తు. కింద గాలి కన్నం చిటికెన వేలు పట్టేంత తెరువు. పైన పొగ కన్నం మాత్రం ఎప్పుడూ మూయకు. అక్కడే నువ్వు తప్పుచేసి ఉంటావు. పొగ ఎక్కువుంటే రుచి ఎక్కువ అనుకుని మూసేశావు, అవునా? లోపల నిలవున్న పొగే చేదు. తెల్లగా, దట్టంగా సుళ్ళు తిరుగుతుంటే మాంసం లోపల పెట్టనే పెట్టకు. ఆగు. కాసేపటికి పొగ పల్చబడి, నీలంగా, ఉందా లేదా అన్నట్టు అవుతుంది. అప్పుడు పెట్టు. సీనాయి కొండంతా పొగలేచినప్పుడు దేవుడు జనాన్ని దూరంగా నిలబడమన్నాడు గాని, ఎగబడమన్నాడా?

మూత మాటిమాటికీ తీయకు. తీసి చూసిన ప్రతిసారీ పావుగంట వెనక్కి పోతావు. విశ్వాసం అంటే కంటికి కనపడనిదాన్ని నమ్మడమే కదమ్మా.

మౌనంలో ఉన్న
ఏసోబు


తాడేపల్లిగూడెం,
28 సెప్టెంబరు 2025

అన్నయ్యకి,

మీరు చెప్పినట్టే మన్ను మెత్తాము. అచ్చం నాయనమ్మ పొయ్యిలాగే తయారైంది, చూస్తే కడుపు నిండిపోయింది. పొగ కన్నం సంగతి మీరు కనిపెట్టేశారు. మూసే ఉంచాము. తెరిచాక చేదు సగానికి సగం పోయింది.

ఇంకో దొంగ కూడా దొరికాడు. మూత మీది ముల్లు. అది ఎప్పుడూ వేడి చాలా ఎక్కువున్నట్టు చూపిస్తోంది. అనుమానమొచ్చి దాన్ని పీకి, మరుగుతున్న నీళ్ళలో ముంచాము. నీళ్ళు ఎక్కడైనా ఒక్క వేడి దగ్గరే మరుగుతాయి కదా, ముల్లు దానికంటే చాలా పైన నిలబడింది! అంటే ఇన్నాళ్ళూ అది వేడెక్కువైందంటే నమ్మి మేము నిప్పు తగ్గించేస్తున్నాము. అందుకే ఎముక దగ్గర పచ్చి. ఇప్పుడు అది ఎంత అబద్ధం చెప్తుందో తెలుసు కాబట్టి అంత తీసేసి లెక్క చూసుకుంటున్నాము.

ఇంకా ఇబ్బందులున్నాయి. బొగ్గు గంటన్నరలో అయిపోతోంది. మధ్యలో కొత్త బొగ్గు వేస్తే మళ్ళీ తెల్ల పొగ. రేకు పల్చన కదా, గాలి వీస్తే చల్లారిపోతోంది. ఏ కట్టె వేస్తే మంచి వాసన వస్తుంది? ఇవి రాయండి.

రాయొద్దన్నారు గాని ఒక్క మాట రాస్తాను. చేదుగా ఉంటే చేదని పక్కకి పిలిచి చెప్పొచ్చు కదా అన్నయ్యా. కయీను అంటే హంతకుడు. బాతు మాడితే హంతకుడా?

వదినకి ముద్దులు.
మరియమ్మ


మండవల్లి,
5 అక్టోబరు 2025

అన్నని నిలదీయడానికి ఉత్తరం దొరికిందని సంబరపడుతున్న మరియకు,

నాకు బుద్ధి చెప్పడానికి నువ్వూ తయారయ్యావా? బిలాము ప్రవక్తకి గాడిద బుద్ధి చెప్పింది, నాకు నా చెల్లెలు. కోపగించుకోకు. ఆ కథలో గాడిదే రైటు, నాకు తెలుసు.

నీకొకటి చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు, రూతమ్మకి కూడా. మొన్న గొంతు చూపించుకోడానికి ఏలూరు వెళ్ళాను. చూపించుకున్నాక ఆ ఐసు ఫ్యాక్టరీ ఎదురుగా నిలబడ్డాను. వాడు బయటికొస్తే చూసి పోదామని, అంతే. పలకరించలేను కదా, కనీసం అలా నిలబడొచ్చు. రెండు గంటలు నిలబడ్డాను. రాలేదు. కాగితం మీద వాడి పేరు రాసి గేటుమనిషికి చూపించాను. “ఆనంద్ పాలా? ఎండలు ముదరకముందే మానేశాడండీ, ఎటెళ్ళాడో తెలీదండీ” అన్నాడు. వాళ్ళమ్మకి మాత్రం ప్రతివారం “పనిలో ఉన్నా” అని ఫోన్ చేస్తున్నాడు. అంటే వాడు అబద్ధంలో బతుకుతున్నాడు. ఏ తాగుబోతుల్లో తిరుగుతున్నాడో, ఏ పందుల పొట్టు తింటున్నాడో. తప్పిపోయిన కొడుకు కథ ఇన్నిసార్లు చెప్పాను గాని, ఆ తండ్రికి కొడుకు ఏ దిక్కుకి పోయాడో తెలిసి ఉంటుందా లేదా అని ఒక్కసారీ ఆలోచించలేదు మరియా. దిక్కు తెలిస్తేనే కదా అటు చూస్తూ కూర్చోవడం.

సరే, నీ నిప్పు సంగతి. బొగ్గంతా ఒకేసారి రాజేస్తున్నావు, అందుకే అయిపోతోంది. తట్ట నిండా రాజుకోని బొగ్గు పెట్టు. మధ్యలో గుంట చేసి, అందులో బాగా రాజుకున్న నిప్పులు గుప్పెడు వెయ్యి, అంతే. ఆ గుప్పెడే పక్కవాటిని ఒక్కొక్కటిగా అంటించుకుంటూ పోతుంది. పన్నెండు మంది శిష్యులతో లోకమంతా అంటుకున్నది అలాగే. నీళ్ళ గిన్నెలో ఇసక పోసి పైన కొంచెం నీళ్ళు పొయ్యి, వేడి నిలుస్తుంది. గాలికి తడక అడ్డం కట్టు. మాంసానికి ముందురోజే ఉప్పు పట్టించి, గుడ్డ మీద ఆరబెట్టు. తడి మాంసానికి పొగ అంటదు, మసి అంటుతుంది.

కట్టె అడిగావు. వేప వద్దు, చేదు. జామ మంచిది, మామిడి మంచిది. నీకు అక్కడ మంచి మామిడి కట్టె దొరకదు. అందుకని ఒక పని చేశాను. కొత్త గుడి కట్టాక పాత గుడి బల్లలు మా పెరట్లో పేర్చి ఉన్నాయి కదా. అసలు సిసలు మామిడి. నలభై ఏళ్ళు దాని మీద కూర్చుని జనం ఏడ్చారు, పాడారు, మారుమనసు పొందారు. ప్రార్థనలో నానిన కట్టె! రెండు బల్లలు ముక్కలు కోసి గోతంలో వేసి, ఇంకో గోతంలో కొల్లేటి బంకమన్ను వేసి, గూడెం బస్సులో పంపిస్తున్నాను. “మన్నుకి కూడా టిక్కెట్టు కొట్టాలా మాస్టారూ?” అన్నాడు కండక్టరు. జవాబు నోటిదాకా వచ్చింది. మింగాను. నీ బేరం మొదలుపెట్టేది దేవుడి కట్టెతో మొదలుపెట్టు, ఆశీర్వాదం ఉంటుంది.

కోత పండుగ డిసెంబరు ఏడు, ఆదివారం. నా తొంభై రోజులు మూడో తేదీకి అయిపోతాయి. అయినా నేను పెదవి విప్పను. నా మొదటి ఐదు మాటలు ఆ రోజు గుళ్ళో దేవుడికి స్తుతిగా చెల్లిస్తానని మొక్కుకున్నాను. ప్రథమఫలం ఆయనది.

వాడి గురించి ఎక్కడైనా తెలిస్తే రాయి. వాడి ఊసు వద్దన్న మాట కొట్టేశాను అనుకో.

ఏసోబు


తాడేపల్లిగూడెం,
20 అక్టోబరు 2025

అన్నయ్యా,

మొదట కోపం రాస్తాను, తరువాత నిజం రాస్తాను.

మీ ఆశీర్వాదపు కట్టె మమ్మల్ని నిలువునా ముంచింది. మంగతాయారు గారి మనవడి పుట్టినరోజుకి పన్నెండు బాతులు ఒప్పుకున్నాము. మా మొదటి పెద్ద ఆర్డరు. మీరు చెప్పినవన్నీ అక్షరం తప్పకుండా చేశాము. గుప్పెడు నిప్పులు, ఇసక గిన్నె, తడక, ముందురోజు ఉప్పు, అన్నీ. ఆరు గంటలు మూత తియ్యలేదు. తీస్తే బాతులు బంగారంలా మెరుస్తున్నాయి. నోట్లో పెడితే రంగు డబ్బా. పన్నెండూ! ఆవిడ పెద్దమనిషి కాబట్టి “పోనీలెండమ్మా, కుర్మా చేయించేస్తాం” అన్నారు. ఆ చూపు నేను మరిచిపోలేను.

ఇప్పుడు నిజం. “చేశాము, మెత్తాము” అని రాస్తున్నానని మీరు గమనించనేలేదు. ముప్పై ఏళ్ళుగా లేఖనాల్లో ఒక్కో అక్షరాన్ని పట్టుకుని గంటసేపు ప్రసంగించే మనిషి మీరు!

స్మోకర్ నాది కాదు. ఆనంద్ పాల్‌ది. వాడు మార్చి నుంచీ నా దగ్గరే ఉన్నాడు. తాగడం లేదు, ఏ పొట్టూ తినడం లేదు, నా చేతి అన్నం తింటున్నాడు. ఐసు పనిలో చేతులు పగిలిపోయి, ఒకరోజు సంచితో గుమ్మంలో నిలబడ్డాడు. “అత్తా, నాన్నకి చెప్పనంటేనే లోపలికొస్తా” అన్నాడు. చెప్పనన్నాను. తప్పో ఒప్పో నాకు తెలీదు.

మీ ఉత్తరాలు వచ్చినప్పుడల్లా నిప్పు గురించి, పొగ గురించి రాసిన ముక్కల్ని కత్తెరతో కత్తిరించి వాడికి ఇచ్చాను. మిగతావి దాచేశాను. కయీను మాట మళ్ళీ వాడు చదవకూడదని. మొదటి ముక్క చూడగానే వాడు మీ చేతిరాత గుర్తుపట్టాడు.

“అత్తా, ఇది నాకని నాన్నకి తెలుసా?”

“తెలీదురా.”

“అయితే చెప్పకు. చెబితే రాయడం ఆపేస్తాడు.”

ఆ ముక్కలన్నీ వరసగా గోడకి అంటించుకున్నాడు అన్నయ్యా. అబద్ధాల ముల్లుని మరిగే నీళ్ళలో ముంచింది కూడా వాడే.

మీ గోతం విప్పి ఆ చెక్కలు చూసినప్పుడు వాడి ముఖం మీరు చూడాల్సింది. “నాన్న కూడా ఈ కట్టే పంపాడా!” అని ఒకటే సంబరం. నాకప్పుడు అర్థం కాలేదు. బాతులు పాడైన రోజు అర్థమైంది. వాడు ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, నేలమీద కూలబడ్డాడు. ఏడుస్తాడనుకున్నాను. నవ్వాడు.

“ఇదే చేదు అత్తా. పోయినేడు నా బాతుది అచ్చం ఇదే చేదు. నాకు చేతకాలేదనుకున్నా ఇన్నాళ్ళూ.”

“అప్పుడు ఏం కట్టె వేశావురా?”

“ఇదే. పెరట్లో బల్లల చెక్క. మొదటి కానుక కదా, దేవుడి కట్టెతో చేద్దామని.”

మిగతా తప్పులన్నీ దిద్దాక ఇక మిగిలింది ఆ కట్టె ఒక్కటే. ఆ బల్లలకి వార్నిష్ ఉంది అన్నయ్యా. రంగు ముదిరి చెక్కలో కలిసిపోయింది గాని, లోపల ఉంది. ఆ రోజు చేదు వాడిది కాదు.

ఇది కూడా వాడు చెప్పొద్దన్నాడు. “నాన్నకి తెలిస్తే దీనిమీద ఇంకో ప్రసంగం తయారవుతుంది” అన్నాడు. అయినా చెప్పేశాను.

మరియమ్మ


మండవల్లి,
26 అక్టోబరు 2025

మరియా,

తుఫాను వస్తోందంటున్నారు. చెరువుగట్లకి బస్తాలు వేస్తున్నాము. రెండు మాటలు రాసి పోస్టులో వేస్తాను.

నీ ఉత్తరం ఈసారి నేనే చదువుకున్నాను, రూతమ్మకి ఇవ్వలేదు. చదివి పెరట్లోకి వెళ్ళి బల్ల ముక్క ఒకటి కాల్చాను. పొగలో అరటికాయ పెట్టి తిన్నాను. అదే. ఆ బల్లలకి వార్నిష్ వేసింది ఎవరనుకున్నావు? నేను. ప్రతి క్రిస్మస్‌కీ, నా చేత్తో, పాటలు పాడుతూ. ఇరవై పూతలు వేసి ఉంటాను. నా కొడుకు దేవుడి కట్టె అని తీసుకుంది నేను పూసిన విషాన్ని. “వార్నిష్ డబ్బా నాకినట్టుంది” అని నేనే నీకు రాశాను చూడు! నాలుక నిజం చెప్పింది, నోరు కయీను అంది.

ఇంకొకటి. కయీను సంగతి మళ్ళీ తీసి చదివాను. మూడుసార్లు చదివాను. ఆయన ఆ అర్పణను లక్ష్యపెట్టలేదని ఉంది. పొగ నేలమీద పాకిందని ఎక్కడా లేదు. అది నేను కలిపింది మరియా. బాగుంటుందని ఏనాడో కలిపాను. ముప్పై ఏళ్ళుగా దేవుడి మాటలాగా చెప్తున్నాను. ఆ కలిపిన మాటతోనే నా బిడ్డని కొట్టాను. అన్యాగ్ని తెచ్చింది వాడు కాదు. మూత మీది ముల్లుని నేను. ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తూ, అందరినీ నమ్మిస్తూ.

వాడికి ఉత్తరం రాయబోయాను. నాలుగు చించాను. ఏది రాసినా ప్రసంగంలాగే ఉంది.

పండుగకి బాతు తెమ్మని అడగాలని ఉంది. నువ్వు అడగకు. ఈ ఉత్తరం మాత్రం వాడికి ఇవ్వు.

జామ కొమ్మలు కొట్టి ఆరబెట్టాను. తుఫాను తగ్గాక పంపుతాను. వట్టి జామ. ఏ పూతా లేదు.

అన్నయ్య


తాడేపల్లిగూడెం,
27 నవంబరు 2025

అన్నయ్యా,

జామ కట్టె అందింది. మీ ఉత్తరం వాడికి మొత్తం ఇచ్చాను. చదివాడు. మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళి డ్రమ్ముకి మన్ను మెత్తుతూ కూర్చున్నాడు. మెత్తిందే మెత్తాడు. ఆ డ్రమ్ముకి ఇప్పుడు చీమ దూరే సందు లేదు.

తరువాతి ఆదివారం జామ పొగతో చేసినవి గంటలో అయిపోయాయి. మంగతాయారు గారికి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఈసారి ఆవిడ లోపలికి వెళ్ళలేదు, అరుగు మీదే కూర్చుని ఎముక కూడా వదలకుండా తిన్నారు.

పండుగ సంగతి నేను అడగలేదు. అడక్కుండా ఉండలేక, “ఏడో తారీఖు ఆదివారం కదా, బండి పెడతావా?” అన్నాను. “చూద్దాం అత్తా” అన్నాడు. తరువాత తనే, “మళ్ళీ ఆ బలిపీఠం ముందు నా బాతుని పెట్టలేను అత్తా. వాళ్ళు నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది” అన్నాడు. మీరు ఆశ పెట్టుకోకండి. నేను తీసుకొద్దామంటే మోకాలు వాచింది, బస్సెక్కలేను.

మీ స్తుతి మాటలు ఐదూ మంచిగా రావాలని ప్రార్థిస్తున్నాను.

మరియమ్మ


మండవల్లి,
8 డిసెంబరు 2025

మోకాలు వాచి ఇంట్లో కూర్చున్నా ఊరంతా తిప్పగల నా చెల్లెలికి,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను. ఏమీ కలపను.

గుడి నిండింది. వరి పనలు, చెరుకు గడలు, కొబ్బరిగెలలు, రెండు మేకలు. నా బదులు వేలం పాడటానికి నిత్యానందం మైకు పట్టుకున్నాడు. చొక్కాకి గంజి కూడా పెట్టించాడు. నేను ముందు వరసలో, నా ఐదు మాటలూ నాలుక కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆ మాటలేమిటో ఇప్పుడు నీకు చెప్పను. బాగా ఎంచుకున్నాను, అంతే.

సగం వేలం అయ్యాక వెనక తలుపు దగ్గర గుసగుసలు. తిరిగి చూస్తే ఆనంద్ పాల్. చేతిలో బుట్ట, పైన తెల్లగుడ్డ. పక్కన రూతమ్మ. ఆవిడకి వాడు వస్తున్నట్టు తెలుసు మరియా. నీ దగ్గరున్నాడనీ మార్చి నుంచే తెలుసట. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి నాకు తెలియకుండా ఒక సంఘమే నడిపారు.

వాడు నా వైపు చూడకుండా వచ్చి బుట్ట పెట్టి, గోడ పక్కన నిలబడ్డాడు. నిత్యానందం గుడ్డ తీశాడు. బాతు తేనె రంగులో ఉంది. పాపం, నిత్యానందానిది చెడ్డ మనసు కాదు, నవ్వించాలని బాతుని పైకెత్తి, “ఏవండీ, చూశారా! మన కయీను బాతు మళ్ళీ వచ్చిందండోయ్!” అన్నాడు.

గుడి గుడంతా నవ్వింది. నేను నేర్పిన నవ్వు. పొగైతే పై కన్నంలోంచి పోతుంది. నేనన్న మాట ఏడాదైనా ఆ గుళ్ళోంచి పోలేదు. ఆనంద్ పాల్ తల దించుకుని తలుపు వైపు తిరిగాడు.

నేను లేచాను. మైకు లాక్కున్నాను. స్తుతి మాటలు ఐదూ ఉన్నాయి నోట్లో. దేవుడా, నన్ను క్షమించు అనుకున్నాను. గొంతు విప్పితే నా గొంతు కాదది, నలిగిన రెల్లులోంచి గాలి పోయినట్టు వచ్చింది. అయినా మైకు కదా, చివరిదాకా వినపడింది.

“చేదు నా కట్టెది. వాడిది కాదు.”

లెక్కపెట్టుకో. ఐదు. దేవుడికి ఒక్కటీ మిగల్లేదు. ఆయన నన్ను తిట్టలేదు మరియా. ముసలి యాజకుడికి కొడుకు పేరు రాశాకే నోరు విప్పినవాడికి, నా మాటలు ఎక్కడికి పోవాలో నాకంటే ముందే తెలుసనుకుంటాను.

జనానికి ఏ కట్టె, ఏ చేదు, ఏమీ అర్థం కాలేదు. నవ్వు మాత్రం ఆగిపోయింది. నేను బాతు కాలు విరిచి అందరి ముందూ నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు వాడు వెనక్కి వచ్చాడు. నా ఎదురుగా నిలబడి, చిన్నప్పుడు లెక్కల పుస్తకం చూపించి అడిగినట్టే అడిగాడు.

“ఎలా ఉంది నాన్నా?”

ఏం చెప్పను? నా దగ్గర మాటల్లేవు. ఎముక దాకా తిన్నాను. నాయనమ్మ పొయ్యి దగ్గర కూర్చున్నట్టనిపించింది. కళ్ళు తుడుచుకుని, రెండు వేళ్ళు కలిపి గాలిలో చల్లినట్టు చూపించాను.

“ఉప్పు తగ్గిందా?”

తలూపాను. వాడు నవ్వాడు. నిజంగానే తగ్గింది మరియా. అబద్ధం చెప్పి మెప్పించాలనిపించలేదు, ఇక ఏ పూతా పూయకూడదనిపించింది. తరువాత పాట ఎవరు పాడారో నేను చూడలేదు. రేవులో నిప్పులు వేసి చేపలు కాల్చి, తనని ఎరగనన్నవాణ్ణే పిలిచి తినిపించిన ప్రభువు గురించి ఎన్నిసార్లు చెప్పాను! ప్రతిసారీ నేను ఆ వడ్డించే పక్కనున్నట్టే చెప్పాను. నిన్న తినే పక్కన నిలబడ్డాను.

ఈ రోజు పొద్దున్న నాకు మళ్ళీ ఐదు మాటలు వచ్చాయి. మొదటిది వాడి పేరు పెట్టి పిలవడానికి ఖర్చుపెట్టాను. మిగతా నాలుగూ ఏమిటో వాడే చెప్తాడు, వాడికి చెప్పాలనిపిస్తే.

వాడు పదకొండు గంటల బస్సుకి గూడెం వస్తున్నాడు, ఆదివారం బండి ఉందట. జామ కట్టె మరో మోపు ఇచ్చాను. ఈ ఉత్తరం వాడి చేతికే ఇచ్చి పంపుతున్నాను. కవరు అంటించలేదు. నువ్వు చదివాక వాడికి మొత్తం ఇచ్చెయ్యి.

కత్తెర పెట్టకు.

ఏసోబు